కమానీ మిస్త్రీ చెప్పని మాట

మా నాన్నకు ముక్కు మీద కోపం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోపిష్టి మనిషి నాలుగు కేకలేసి ఊరుకుంటాడు. మా నాన్న కేకలేసేవాడు కాదు, మాట మానేసేవాడు. కూరలో ఉప్పు తక్కువైందని అమ్మతో రెండు రోజులు, పెళ్ళిలో రెండో పంక్తిలో కూర్చోబెట్టారని మేనమామతో ఏడాదిన్నర. అలా నోరు కట్టేసుకోవడమే ఎదుటివాడికి పెద్ద శిక్ష అని ఆయన నమ్మకం. చాలాసార్లు తనకు శిక్ష పడుతోందని ఎదుటివాడికి తెలిసేది కూడా కాదు.

పేరు అప్పలసూరి. టెక్కలి దగ్గర పల్లె నుంచి పదిహేడో ఏట టాటానగర్‌లో రైలు దిగాడు. ఒక కాంట్రాక్టరు షెడ్డులో పద్నాలుగేళ్ళు సమ్మెట కొట్టాడు. తర్వాత స్టేషనుకు అర మైలు దూరంలో రేకుల షెడ్డు వేసుకుని సొంత పని మొదలుపెట్టాడు. కారు వెనక చక్రాల మీద పడే బరువునంతా వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్ట ఒకటి మోస్తుంది. మా ఊళ్ళో దాన్ని కమానీ అంటారు. అది బాగుచేసేవాడు కమానీ మిస్త్రీ. కుంగిపోయిన పట్టీలను విప్పి, సమ్మెటతో కొట్టి మళ్ళీ వంపు తేవడంలో మా నాన్నను మించినవాడు బిష్టుపూర్ నుంచి సోనారి దాకా లేడు. ఇది నేను కూతురిని కాబట్టి అనడం లేదు. ఆయనతో పడనివాళ్ళు కూడా బండి ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు.

పని అయ్యాక ఆయనకొక పద్ధతి ఉండేది. బండిని ఊరికే అప్పగించేవాడు కాదు. బాగుచేసిన చక్రం ఎటుందో సరిగ్గా అటు పక్క, వెనక సీట్లో తనే కూర్చునేవాడు. డ్రైవరు రైల్వే గేటు దాకా వెళ్ళి పట్టాల మీంచి రెండుసార్లు బండిని దాటించాలి. నాన్న కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడో చిన్నగా టక్కుమన్నా బండి మళ్ళీ షెడ్డుకే. డ్రైవరు ఎంత గింజుకున్నా లాభం లేదు. "నాను కూకోకుండా నా సేతి బండి రోడ్డెక్కదు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో కనిపించే గర్వం చూస్తే నాకు నవ్వొచ్చేది.

తోమాసు పెదనాన్న మాకు చుట్టం కాదు. భీమిలి వైపు క్రైస్తవులు. బర్మామైన్స్‌లో మా పక్క వీధిలో ఉండేవాళ్ళు. స్టేషను దగ్గర స్టాండులో టాక్సీ నడిపేవాడు. అరవై రెండు మోడల్ తెల్ల అంబాసిడరు, ఆయన కంటే ఎక్కువ దగ్గేది. నాన్న కంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి నాన్న ఆయన్ని అన్నా అనేవాడు. ఆయన భార్య లూర్దమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు త్రేసమ్మ నాకంటే మూడేళ్ళు పెద్దది. నా జడ వేసిందీ, నాకు హిందీ వ్యాసాలు రాసిపెట్టిందీ అదే. నర్సు కావాలని దాని పట్టు. రాంచీలో ఒక నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెట్టింది గాని సీటు రాలేదు. ఎవరైనా మానేస్తే పిలుస్తామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం మడతలు చిరిగేదాకా చదువుకుంది.

ఇది ఎనభై మూడులో జరిగింది. నాకు పదిహేనేళ్ళు.

కమానీ వెనక చివర బండికి రెండు పిన్నుల మీద వేలాడుతుంది. ఒక్కో పిన్ను వేలంత లావు, జానెడు పొడుగు. పిన్ను చుట్టూ రబ్బరు బుష్షు ఉంటుంది. ఆ రబ్బరు నలిగిపోతే ఇనుము ఇనుమును రాసుకుని పిన్ను అరుగుతుంది. తోమాసు పెదనాన్న బండికి ఆరు నెలలకోసారి పిన్నులు మార్చాల్సి వచ్చేది. కారణం నాన్నకు తెలుసు, స్టాండులో అందరికీ తెలుసు. పూరీ వెళ్ళొచ్చిన ఎనిమిదిమంది కుటుంబాన్ని, వాళ్ళ ట్రంకు పెట్టెల్ని, కొబ్బరికాయల బస్తాతో సహా ఒకే ట్రిప్పులో ఎక్కించుకునే మనిషి ఆయన. కాదనడం చేతకాదు. "అన్నా, లోడు తగ్గించు" అని నాన్న వందసార్లు చెప్పాడు. పెదనాన్న వందసార్లూ తల ఊపాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆయన బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. వెంట స్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లు టీ తాగడానికి వచ్చారు. నేను నాన్నకు అన్నం క్యారియరు ఇచ్చి వెళ్ళబోతున్నాను. పెదనాన్న జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. కొత్త పిన్నులు. నల్లగా, నూనె మెరుపుతో.

"సూడు సూరీ. మా శాంతకుమారు సేసాడు. పేక్టరీలో లేతు మీద కట్ చేసి, భట్టీలో ఎట్టించాడు. పూరా హార్డ్. నీ పిన్నులు సాక్‌పీసులు రా, సాక్‌పీసులు!"

శాంతకుమార్ పెద్దమ్మకు తమ్ముడు. ఆదిత్యపూర్‌లో ఏదో చిన్న ఫ్యాక్టరీలో లేతు మీద పని. మా ఊళ్ళో అది మామూలే. ఎవరింట్లో చూసినా అప్పడాల కర్ర, అట్లకాడ, కత్తిపీట, ఏదో ఒకటి ఫ్యాక్టరీలో చాటుగా తయారై వచ్చిందే. అంగట్లో కొన్నదాని కంటే దానికే విలువ ఎక్కువ. ఉక్కు ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం, గట్టిగా ఉన్నదేదైనా మంచిదే అని మా అందరికీ ఒక గుడ్డి నమ్మకం.

చాక్‌పీసుల మాటకు డ్రైవర్లిద్దరూ పగలబడి నవ్వారు. "మిస్త్రీజీ కా జమానా గయా", మిస్త్రీగారి కాలం అయిపోయింది, అన్నాడు ఒకడు. పెదనాన్న కూడా నవ్వాడు. ఆయన నవ్వులో విషం లేదు. బావమరిది ముచ్చటపడి చేసిచ్చాడన్న సంతోషమే ఉంది. నాన్న మాత్రం నవ్వలేదు. దవడ బిగిసింది. అది చూసి నేను, అయ్యో పెదనాన్నతో మాటలు బందు, అనుకున్నాను.

నాన్న పిన్ను అందుకుని, ఆకురాయి తీసుకుని దాని మీద ఒకసారి గీశాడు. ఆకురాయి జారిపోయింది. మళ్ళీ గీశాడు. గాజు మీద గీసినట్టు కీచుమంది తప్ప గీత పడలేదు. ఒక్క క్షణం పిన్ను వైపు చూశాడు. తర్వాత బండి కిందికి దూరి పని మొదలుపెట్టాడు. నేను వచ్చేశాక, రెండు గంటల్లో కొత్త బుష్షులు, కొత్త పిన్నులు ఎక్కించేశాడట.

"ఎలాగున్నాయి సూరీ?" అని పెదనాన్న అడిగితే తల ఊపాడట. పెదనాన్న బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం చపాతీలు ఒత్తుతూ అమ్మ మామూలుగా అడిగింది. "తోమాసు బావగారి బండి గేటు దాకా తీసికెల్లావా?"

"నేదు."

అమ్మ ఒత్తడం ఆపింది. మా అమ్మ దాలమ్మ చదువుకోలేదు గాని, మా నాన్న అనే పుస్తకాన్ని మాత్రం అట్ట నుంచి అట్ట దాకా చదివింది. "ఏటి, ఎందుకు కూకోనేదు?"

నాన్న కాసేపు దాటవేసి చివరికి చెప్పాడు. చెబుతుంటే ఆయనకు హుషారొచ్చింది. "ఒకపాలి ఎర్రగా కాల్చి నూనెలో ముంచేసారు. మల్లీ సన్న సెగ మీద కాచాల, అది సెయ్యనేదు. సిఫ్టు దిగిపోయే తొందరలో వట్టుకొచ్చేసుంటాడు ఆ శాంతకుమారు. అలాటి ఉక్కు అరగదే. దెబ్బ తగిల్తే గాజులాగ పుటుక్కుమంటాది."

"మరి సెప్పనేదేటి?"

"నానెందుకు సెప్తాను? నావి సాక్‌పీసులు కదా!"

"ఇరిగితే?"

"ఇరగనీ. టేసన్ నుంచి బిస్టుపూరు, బిస్టుపూరు నుంచి టేసను. ఇరవై స్పీడులో బండి ఎనకాల కూలబడతాది, అంతే. స్టాండులో అందరి ముందూ కూలబడాల. అప్పుడు నవ్వమను."

షెడ్డులో కుంపటి పక్కనే ఉంది. ఆ పిన్నులను సన్న సెగ మీద కాచి చల్లార్చడం అరగంట పని. అరగంట పనీ చేయలేదు, అర నిమిషం మాటా చెప్పలేదు. ఇవాళ ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది. కాని అప్పుడు నేనేం చేశానో కూడా రాయాలి. స్టాండులో తోమాసు పెదనాన్న బండి చతికిలబడటం, ఆయన తెల్లమొహం వేయడం తలుచుకుని నేను కిసుక్కున నవ్వాను. నేను నవ్వడం చూసి నాన్న ఇంకా ఉత్సాహపడ్డాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

"పొద్దున్నే ఎల్లి సెప్పెయ్యి. ఇంటన్నావా?"

"సూద్దాంలే" అన్నాడు నాన్న.

పొద్దున ఏడవుతుండగా లూర్దమ్మ పెద్దమ్మ బూందీ పొట్లంతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నాన్న గుమ్మం దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"దాలమ్మా, పిల్లకి సీటొచ్చేసినాది! నిన్న సీకటి పడేవేల టెలిగ్రామొచ్చింది. ఎవరో మానేసారంట. ఇయ్యాల రెండు గంటల్లోపల జాయినవ్వకపోతే ఇంకొకలికి ఇచ్చేస్తారంట. దానికీ నేదు, దాని నాన్నకీ నేదు నిద్ర. ఆరు గంటలకే ఎల్లిపోనారు. మీకు సెప్పడానికి కూడా టయిము నేకపోయింది."

"బస్సుకా?" అని అడిగింది అమ్మ. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"బస్సెందుకు, మన బండి ఉంది కదా? నిన్ననే గదా మా సూరి తమ్ముడు కమానీ బాగుసేసాడు."

నాన్న చేతిలో కత్తి ఆగిపోయింది. ఒక చెంప నురగతో అలాగే ఉంది. రాంచీకి నూట ముప్ఫై కిలోమీటర్లు. మధ్యలో తైమారా ఘాటీ, లోయ అంచున మలుపులు తిరిగే కొండదారి. ఆ రోడ్డు మీద గతుకులు ఎలాంటివో లారీల కమానీలు కట్టిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే షెడ్డు వైపు పరుగెత్తాడు. పెద్దమ్మ తెల్లబోయి, "ఏటైంది?" అంది. అమ్మ బూందీ పొట్లం పట్టుకుని నిలబడింది. ఏదో పని గుర్తొచ్చిందని మాత్రం అనగలిగింది. పెద్దమ్మ నా నోట్లో రెండు పలుకులు పెట్టి వెళ్ళింది. నేను మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. ఆ రోజు స్కూలుకు వెళ్ళలేదు.

ఇక్కడి నుంచి జరిగింది నేను కళ్ళతో చూడలేదు. సగం త్రేసమ్మ చెప్పింది, సగం నాన్నే చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఇద్దరి మాటల్లో తేడా లేదు.

నాన్న షెడ్డులో దొరికిన పాత పిన్నుల్లో మంచివి ఏరి, రెంచీలు, చిన్న గునపం గోనెసంచిలో వేసుకున్నాడు. ఊరి చివర మాంగో వంతెన దగ్గర రాంచీ బస్సు పట్టుకున్నాడు. కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేదు. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. బస్సు చాండిల్ దాటింది. ప్రతి కల్వర్టు దగ్గరా వంగి కిందికి చూశాడు. ఎదురుగా తెల్ల అంబాసిడరు వస్తే వాళ్ళే వెనక్కొస్తున్నారేమోనని నంబరు చూశాడు. పక్కనున్న ముసలాయన "తబీయత్ ఖరాబ్ హై క్యా?" అని, ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఔనన్నాడు. దేవుడికి మొక్కుకుందామంటే ఏమని మొక్కుకోవాలో తెలియలేదని నాతో అన్నాడు. పిన్ను విరక్కుండా చూడమని అడగడానికి మొహం చెల్లలేదట.

బుండూ దాటాక, ఘాటీ ఇంకా మొదలవకముందు కనిపించింది. బండి రోడ్డు దిగి, వెనక ఎడమ పక్క నేలకు కరుచుకుని, ముందు చక్రాలు పొలం గట్టెక్కి ఉన్నాయి. ఇంకో పదిహేను నిమిషాలు నడిచి ఉంటే అది విరగాల్సింది లోయ పక్కన. త్రేసమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. ఎడమ చేతికి పెదనాన్న తువ్వాలు కట్టి మెడకు వేలాడేశాడు. మణికట్టు వాచిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది. గంటన్నర నుంచి అక్కడే ఉన్నారు. బండి వదిలి పెదనాన్న కదల్లేడు. దెబ్బ తగిలిన పిల్లను ఒంటరిగా లారీ ఎక్కించలేడు. వచ్చిన ఒక్క బస్సూ కిక్కిరిసి, ఆగకుండా పోయింది.

నాన్న అరిచి బస్సు ఆపించాడు. దిగిన మనిషిని చూసి పెదనాన్న ముందు నమ్మలేదు. తర్వాత పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"సూరీ! నువ్వెలా వచ్చావురా! ప్రభువే పంపినాడు నిన్ను. సూడు నా బావమర్ది సేసిన పని. నా పిల్లని సంపేసేవోడు. జనమలో ఆడి మొకం సూడను. ఆడిని నా గడప తొక్కనివ్వను."

కండక్టరు "జల్దీ, జల్దీ" అని రేకు మీద కొడుతున్నాడు. నాన్న ట్రంకు పెట్టె ఎత్తి బస్సులో పెట్టాడు. త్రేసమ్మను మంచి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. "అన్నా, నువ్వూ ఎక్కు. రెండు గంటల్లోగా పిల్లని జాయిన్ సెయ్యి. బండి నాను సూసుకుంటాను" అన్నాడు.

పెదనాన్న మెట్టెక్కాడు. అంతా అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఆయన కళ్ళల్లో మా నాన్న ఆపద్బాంధవుడు. శాంతకుమార్ దోషి. నాన్న నోరు విప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నోరు విప్పకుండా ఉండటంలో మా నాన్నను మించినవాడు లేడు కూడా.

బస్సు కదులుతుండగా నాన్న దాని వెంట నడుస్తూ చెప్పాడు. "అన్నా, శాంతకుమారుని ఏటీ అనకు. మల్లీ కాచకుండా వట్టుకొచ్చేసాడు, ఆడికి తెలీదు. నాకు తెలుసు. ఆకురాయి ఎట్టగానే తెలిసిపోనాది. నువ్వు నవ్వావని సెప్పనేదు."

పెదనాన్న మెట్టు మీద అలాగే నిలబడి చూశాడు. కిటికీలోంచి త్రేసమ్మ కూడా చూసింది. తనకు ఆ మాటలన్నీ వినబడ్డాయని అది నాతో చెప్పింది. చెయ్యి నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనట్టు అనిపించిందంది.

నాన్న ఎండలో ఒక్కడే గట్టు తవ్వాడు. పొలంలో పనిచేసేవాళ్ళు నలుగురు సాయం పట్టి, బండి ఎత్తి వెనక్కి తోశారు. విరిగిన పిన్ను తీసి చూశాడు. విరిగిన చోట బూడిద రంగులో, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అనుకున్నది అక్షరాలా అనుకున్నట్టే విరిగింది. తన మాట నిజమైనందుకు ఆ రోజు తన మీద తనకు అసహ్యం వేసిందని చెప్పాడు. మిగతా కొత్త పిన్నులు కూడా తీసేసి, రెండు వైపులా పాతవే బిగించి, గట్టు మీద కూర్చున్నాడు.

నాలుగున్నరకు పెదనాన్న రాంచీ నుంచి వచ్చే బస్సు దిగాడు. నాన్న లేచి నిలబడ్డాడు. తిట్టినా కొట్టినా పడదామని సిద్ధంగా ఉన్నాడు.

"జాయిన్ అయిపోనాది" అన్నాడు పెదనాన్న. "ఒకటింపావుకి ఎల్లాం. ఎముక చిట్లిందంట. కట్టు కట్టారు."

నాన్న తాళం చెవి ఇచ్చాడు. పెదనాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. వెనక సీటు మీద పడున్న త్రేసమ్మ రిబ్బను తీసి జేబులో పెట్టుకున్నాడు. తలుపు తీసి కూర్చున్నాడు. నాన్న ముందు తలుపు వైపు నడిచాడు.

"నువ్వు బస్సుకి రా, సూరీ" అన్నాడు పెదనాన్న. కోపంగా కాదు. మెల్లగా అనేసి బండి తీశాడు.

నాన్న ఆ రోజు ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. మర్నాడు నాన్న ఆదిత్యపూర్ వెళ్ళి శాంతకుమార్‌తో కూడా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ అబ్బాయి ఏడ్చాడట. అక్కడ కూడా నాన్న తలొంచుకునే నిలబడ్డాడు.

మూడు వారాలు తోమాసు పెదనాన్న బండి మా షెడ్డు ముందు నుంచి ఆగకుండా వెళ్ళింది. పెద్దమ్మ మా వీధిలోకి రాలేదు. నాలుగో వారం ఒక పొద్దున బండి వచ్చి ఆగింది. పెదనాన్న దిగి, "కమానీ సూడు, కుయ్ కుయ్ మంటంది" అన్నాడు. నాన్న విప్పాడు, తుడిచాడు, గ్రీజు పెట్టాడు, బిగించాడు. "అయిపోనాది అన్నా, బాగుంది" అన్నాడు.

పెదనాన్న ఆయన కళ్ళల్లోకి చూశాడు. "నిజమేనా?"

"నిజమే."

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ బండి మా నాన్న చేతి కిందే నడిచింది. త్రేసమ్మ నర్సయింది. పెద్దమ్మ మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. శాంతకుమార్ పెళ్ళికి మేమంతా వెళ్ళాం, నాన్న ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చున్నాడు. చూసేవాళ్ళకు అంతా మామూలైపోయింది. కాని పని అయిన ప్రతిసారీ, చిన్న బోల్టు బిగించినా సరే, తోమాసు పెదనాన్న ఆ ఒక్క ప్రశ్న అడిగేవాడు. వెటకారంగా అడిగి ఉంటే మా నాన్న తిరగబడేవాడు, కోపంగా అడిగి ఉంటే మాట మానేసేవాడు. ఆయన అలా అడిగేవాడు కాదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగేవాడు. మా నాన్న ప్రతిసారీ నిజమే అని జవాబిచ్చేవాడు. అలా జవాబిచ్చిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని చాలాసేపు తినేవాడు కాదు.